గట్టు జరిపిన పిల్లలు

ఈ మధ్య మా బడిలో కొత్తగా చేరిన ఒక టీచరమ్మాయి నాకు ఫోన్ చేసి, "మేడం, మోరల్ క్లాసులో పిల్లలకి ఉదాహరణలు ఎట్టా చెప్పాలి? మీరు బాగా చెప్పేవారంటగా" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. ఉదాహరణలు చెప్పడంలో మా బడిలో నాకున్నంత పేరు ఇంకెవరికీ లేదన్న మాట నిజమే. ఆ పేరు ఎట్లా వచ్చిందో మాత్రం పాపం ఆ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకని ఆ అమ్మాయికీ, ఆ అమ్మాయిలాగా ఇప్పుడిప్పుడే సుద్దముక్క పట్టుకున్న మీ అందరికీ కలిపి ఒకేసారి చెబుతున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

నేను పుట్టింది బొల్లాపల్లి వైపు, మెట్ట వ్యవసాయం చేసుకునే ఇంట్లో. పెళ్ళయి వచ్చిన ఊరు నరసరావుపేటకి దగ్గర. ఆ ఊళ్ళో కతోలిక కన్యస్త్రీలు నడిపే ప్రాథమిక పాఠశాల ఉంది. ట్రైనింగ్ చేసి ఇంట్లో ఖాళీగా ఉండటమెందుకు, ఒక్క ఏడాది చేద్దామని చేరాను. రిటైరయ్యే దాకా కదల్లేదు. నుదుట బొట్టు, మెడలో నల్లపూసలు, తలలో పూలు పెట్టుకుని తెల్లబట్టల సిస్టర్ల మధ్య తిరిగేదాన్ని. ఏ రోజన్నా పూలు పెట్టుకోకుండా వెళ్తే మా హెడ్మిస్ట్రెస్ సిస్టరే, "ఏంటి టీచర్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవారు. ఆవిడని మేమందరం పెద్ద సిస్టర్ అనేవాళ్ళం.

మా బడిలో ప్రార్థన అయ్యాక మొదటి పీరియడ్ ఒక చిత్రం. గంట కొట్టగానే పిల్లలు రెండుగా చీలిపోయేవాళ్ళు. కతోలిక పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ళ మతపాఠానికి వెళ్ళేవాళ్ళు. మిగిలినవాళ్ళు మోరల్ సైన్సుకి నా దగ్గరికి వచ్చేవాళ్ళు. టైంటేబుల్లో మాత్రం రెండింటికీ కలిపి ఒకటే గడి, 'విలువల విద్య' అని. ఉన్నది ఒకటే హాలు కాబట్టి మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టారు. ఆ చెక్క పేరుకే అడ్డం. నా కథలో పులి వచ్చిందంటే అటువైపు పిల్లలు సత్యోపదేశం ఆపి చెవులు రిక్కించేవాళ్ళు. అటువైపు పాట ఎత్తుకున్నారంటే ఇటు నా పిల్లల కాళ్ళు బెంచీ కింద తాళం వేసేవి. నేను అటు పాటలన్నీ నేర్చేసుకున్నాను. వంట చేస్తూ పాడుకుంటుంటే మా ఆయన, "ఏమే, ఇంకో నెలకి నువ్వు కూడా తెల్లకోక కడతావా ఏంది?" అని ఏడిపించేవాడు.

అట్లా నడుస్తుండగా కరోనా వచ్చింది. బడి మూతపడి, తెరిచి, మళ్ళీ మూతపడి, చివరికి సరిగా తెరుచుకునేసరికి పిల్లలు ఎక్కాలు మర్చిపోయారు, కూర్చోవడం మర్చిపోయారు. సత్యోపదేశం చెప్పే సిస్టరుకి బదిలీ అయింది. ఆవిడ స్థానంలో కేరళ నుంచి ఒక చిన్న సిస్టర్ వచ్చింది. చక్కటి పిల్ల. సత్యోపదేశమంతా నోటికి వచ్చు. తెలుగే రాదు.

అదే సమయానికి ఆ ఏడాది మొదటి దివ్యసత్ప్రసాదం దగ్గరపడింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కతోలిక పిల్లలు మూడో తరగతికో నాలుగో తరగతికో వచ్చాక గుళ్ళో మొట్టమొదటిసారి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం, తీసుకుంటారు. ఆ రోజు ఇంట్లో పెళ్ళంత సంబరం. ఆడపిల్లలకి తెల్లగౌను, తలమీద పూలకిరీటం, చుట్టాలందరికీ భోజనాలు. అయితే అంతకుముందు రోజు పిల్లలు ఒక్కొక్కరే ఫాదర్ దగ్గర కూర్చుని, తాము చేసిన తప్పులు చెప్పుకుని, పశ్చాత్తాపపడాలి. దాన్ని పాపసంకీర్తనం అంటారు. అక్కడ విన్నది ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు, దాని గురించి నవ్వనూ కూడదు. కరోనా వల్ల ఆ పండగ ఆగిపోయి, మూడు నాలుగు ఐదు తరగతుల పిల్లలందరూ ఆ ఏడాదికే మిగిలిపోయారు.

పెద్ద సిస్టర్ నన్ను పిలిచి, "టీచర్, చిన్న సిస్టర్‌కి పాఠం వచ్చు, మీకు తెలుగు వచ్చు. ఇద్దరూ కలిసి ఒక టీచర్ అవ్వండి" అన్నారు. నేను గుడ్లు తేలేశాను.

"సిస్టర్, బొట్టు పెట్టుకున్నదాన్ని, నేను సత్యోపదేశం చెబితే మీ సంఘం పెద్దలు ఊరుకుంటారా?"

"ఫాదర్‌ని అడిగాను. మీరు కొత్తగా ఏమీ చెప్పొద్దు, చిన్న సిస్టర్ చెప్పింది తెలుగులో చెప్పండి చాలు అన్నారు."

కొత్తగా ఏమీ చెప్పొద్దు అన్న మాట నేను ఇంకొంచెం గట్టిగా వినాల్సింది.

మధ్యలో ప్లైవుడ్ చెక్క తలుపు తీసి, నా మోరల్ పిల్లలకి కాపీ రాయమని పని ఇచ్చి, నేను అటు వెళ్ళేదాన్ని. చిన్న సిస్టర్ చేతులూ కళ్ళూ తిప్పుతూ ఇంగ్లీషులో చెప్పేది, నేను తెలుగు చేసేదాన్ని. జపాలు ఇట్టే వచ్చేశాయి. తర్వాత పది ఆజ్ఞల దగ్గరికి వచ్చాం. చిన్న సిస్టర్ నాతో, "టీచర్, ఎగ్జాంపుల్స్ చెప్పండి. లైఫ్ నుంచి" అని, ఫోనేదో వస్తే బయటికి వెళ్ళింది. ఏ లైఫ్ నుంచో చెప్పి వెళ్ళి ఉంటే బాగుండేది.

దొంగిలించకూడదు అన్న ఆజ్ఞ వచ్చింది. పల్నాట్లో పుట్టి పెరిగినదాన్ని, దొంగతనమంటే నాకు మొట్టమొదట గుర్తొచ్చేది ఏది? పక్కచేను గట్టు జరపడం. "ఉదాహరణకి, రాత్రికి రాత్రి గట్టు జరపడం పాపం" అన్నాను. అబద్ధసాక్ష్యం చెప్పకూడదు అంటే, "కోర్టులో దొంగసాక్ష్యం చెప్పడం పాపం." మోసం అంటే, "మిరప టిక్కీల మీద నీళ్ళు చల్లి కాటా పెట్టడం పాపం. పాలల్లో నీళ్ళు కలపడం పాపం." టిక్కీలంటే మిరపకాయల బస్తాలు, మా పిల్లలకి చెప్పక్కర్లేదు. నాకైతే ఎంత బాగా వస్తున్నాయో ఉదాహరణలు! ఇంకా చెప్పేదాన్నే గానీ గంట కొట్టారు.

మర్నాడు మూడో తరగతి పిల్ల ఒకతి ఏడుపుమొహం పెట్టి, "టీచర్, నాకు పాపాలు లేవు. ఫాదర్‌కి ఏం చెప్పాలి?" అంది.

"నిన్న చెప్పానుగా, అట్టాంటివి" అన్నాను.

మన పిల్లల సంగతి మీకు తెలుసు. టీచర్ ఒకసారి చెబితే పాఠం, రెండోసారి చెబితే జవాబు. నా వెనకాల వాళ్ళేం బట్టీ పట్టారో అప్పుడు నేను పట్టించుకోలేదు. ఎందుకంటే నా బుర్రంతా ఇంకో పిల్ల మీద ఉంది.

ఆ పిల్ల ఐదో తరగతి. అమ్మ చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లులో పని చేస్తూ అక్కడే ఉండేది. తండ్రి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నాయనమ్మే పెంచేది. ఆవిడ మిరపకోతలకి వెళ్ళి, మధ్యాహ్నం చేలో నుంచి అట్లానే వచ్చి బడి గేటు దగ్గర మనవరాలికి అన్నం బాక్సు ఇచ్చి పోయేది. ఆవిడ వచ్చిందంటే ఘాటుకి పిల్లలందరికీ తుమ్ములే. ఒకరోజు ఆవిడ బాక్సు ఇచ్చి వెళ్ళగానే నా మోరల్ గదిలో చదివే ఐదో తరగతి అబ్బాయి, ఊళ్ళో చానా పొలమున్న పెద్ద రైతు మనవడు, ముక్కు మూసుకుని, "వచ్చిపోయిందిరా మిరపకాయల ముసలిది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆ అమ్మాయి చేతిలోని స్టీలు బాక్సుతో వాడి నెత్తిన ఒక్కటి వేసింది. వాడి నెత్తికి బొప్పి కట్టింది, బాక్సు మూతకి సొట్ట పడింది. ఇద్దర్నీ పెద్ద సిస్టర్ గంటసేపు ఎండలో నిలబెట్టారు. బొప్పి నాలుగు రోజుల్లో తగ్గింది. సొట్టా, ఇద్దరి మధ్యా మాటల్లేకపోవడమూ అట్లానే ఉండిపోయాయి.

ఆ అమ్మాయికి ఆ ఏడాది తప్పితే ఇంక కుదరదు. జూన్‌లో గురుకులం హాస్టల్‌కి వెళ్ళిపోతోంది. కరోనాకి ముందు ఒకసారి జ్వరమొచ్చి ఆగింది, కరోనాలో మళ్ళీ ఆగింది. ఈసారి వాళ్ళమ్మ మిల్లులో బతిమాలి ఆదివారానికి సెలవు తెచ్చుకుంది. నాయనమ్మ కోతల కూలీతో తెల్లగౌను కుట్టించి, రోజూ సాయంత్రం తీసి చూసుకుని మళ్ళీ మడిచి పెట్టేది. తను చిన్నప్పుడు ఆ వయసులో కూలికి పోతూ ఉండటాన తనకి గౌనూ లేదు, కిరీటమూ లేదు. ఇదంతా ఆవిడే గేటు దగ్గర నిలబడి నాకు చెప్పింది.

శనివారం పాపసంకీర్తనం అనగా బుధవారం నాడు పశ్చాత్తాపం పాఠం చెప్పాం. చిన్న సిస్టర్ చెప్పింది చెప్పినట్టే తెలుగు చేశాను, ఈసారి ఉదాహరణలు కూడా ఇవ్వలేదు. "పశ్చాత్తాపమంటే బాధపడటం ఒక్కటే కాదు. మళ్ళీ చేయను అని గట్టిగా అనుకోవాలి" అన్నాను. పిల్లలందరూ గొంతెత్తి అదే మాట తిరిగి చెప్పారు. ఐదో తరగతి పిల్ల మాత్రం చెప్పలేదు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, మళ్ళీ చేయనని అనుకోలేకపోతే?"

"అనుకోవాలమ్మా."

"వాడు మా నాయనమ్మని మళ్ళీ అంటే నేను మళ్ళీ కొడతా టీచర్. తప్పకుండా కొడతా. మరి నాకు కుదరదుగా?"

 ఆ పిల్ల నా జవాబు కోసం కాసేపు చూసి, "అయితే నేను శనివారం రాను లే టీచర్" అంది. అలిగి కాదు, కోపంతోనూ కాదు. లెక్క చేసి సున్నా వచ్చిందన్నట్టు మామూలుగా అని, సొట్ట బాక్సు తీసుకుని వెళ్ళిపోయింది. అన్నేళ్ళ నా ఉద్యోగంలో నేను చెప్పిన పాఠాన్ని అంత నమ్మిన పిల్లని అదే చూడటం. అందుకు సంతోషపడాలో ఏడవాలో నాకు తెలియలేదు.

మర్నాడు నాయనమ్మ గేటు దాటి నేరుగా స్టాఫ్ రూముకే వచ్చింది. చిన్న సిస్టర్ తుమ్ముతూ కుర్చీ వేసింది.

"ఏందమ్మా టీచరమ్మా, నా మనవరాలికి ఏం నేర్పినావు? రానంటే రానంటంది. వాళ్ళమ్మ వస్తంది, గౌను కుట్టించా, చుట్టాలకి చెప్పా. నేనేం చేసేది?" అని, పక్కన నిలబడ్డ మనవరాలి వైపు తిరిగి, "ఏమే, ఆ మాటేదో అనేసి రాలేవా? మళ్ళీ చెయ్యనంటే పోద్ది కదే. ఎవురు చూడొచ్చారు?" అంది.

"దేవుడు" అంది ఆ పిల్ల.

అక్కడే ఉన్న పెద్ద సిస్టర్ తల వంచుకున్నారు. వాళ్ళిద్దరూ వెళ్ళాక నేను ఆవిణ్ణి పట్టుకున్నాను. "సిస్టర్, మీరొక్క మాట చెప్పండి. మీరు చెబితే వింటుంది."

"ఏమని చెప్పను టీచర్? పాపసంకీర్తనంలో అబద్ధం చెప్పమనా? ఆ మాట సిస్టరే చెబితే ఇంక మనకి ఈ బడెందుకు?"

"పోనీ మానెయ్యమంటారా?"

"అదీ అనలేను" అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. ఆవిడ మాత్రం మిరపఘాటు అన్నారు.

ఇంక మిగిలింది ఆ అబ్బాయి. వాడు వెళ్ళి ఆ నాయనమ్మకి తప్పయిందని చెబితే, ఈ పిల్ల మనసు కొంచెమైనా మెత్తబడుతుందని నా ఆశ. వాడు నా గదిలో పిల్లాడు, నా మోరల్ సైన్సు చదివిన పిల్లాడు. ఈ పని నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకుని పిలిచాను.

"ఒరేయ్, నువ్వు ఆ రోజు అన్న మాట తప్పు కదరా. వెళ్ళి సారీ చెప్పు."

"పాపాలు అటువైపు గదిలో టీచర్. మాది మోరల్" అన్నాడు.

"మోరల్లో తప్పులుండవా?"

"ఉంటయ్యి. నక్కకి ఉంటయ్యి." వాడు నన్ను ఏడిపించడానికి అనలేదు, నిజంగానే చెప్పాడు. "కథలో నక్క తప్పు చేస్తది. చివర్లో నీతి మీరు చెబుతారు. మేము రాసుకుంటాం."

అన్నేళ్ళ నా మోరల్ సైన్సుని వాడు నాలుగు ముక్కల్లో తేల్చేశాడు.  వాడింకా వదల్లేదు.

"వాళ్ళకైతే ఫాదర్ ఉన్నాడు. చెప్పుకుంటే అయిపోద్ది, మళ్ళీ కేకు కూడా పెడతారంట. మేము ఎవురికి చెప్పుకోవాలి టీచర్?"

ఇంటికి వచ్చి మా ఆయనతో ఈ మాట చెబితే పడీ పడీ నవ్వాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపి, "అవునే, ఆ ఉదాహరణల్లో గట్టు సంగతేదో చెప్పానన్నావు. మన గట్టేం చెప్పలేదు కదా?" అని అడిగాడు.

శనివారం వచ్చింది. బడి వరండాలో ఎదురెదురుగా రెండు కుర్చీలు వేశారు, ఒకటి ఫాదర్‌కి, ఒకటి పిల్లలకి. దూరం నుంచి అందరికీ కనబడతారు, మాట మాత్రం వినబడదు. ఫాదర్ కుర్రాయన, మాచర్ల వైపు నుంచి కొత్తగా వచ్చాడు. మాస్కులు పెట్టుకుని పిల్లలు వరసలో నిలబడ్డారు. నాయనమ్మ చేలో నుంచి సగం పని వదిలేసి మనవరాలి రెక్క పట్టుకుని లాక్కొచ్చి వరసలో చివర నిలబెట్టి, తను మెట్ల మీద చతికిలబడింది. ఆ పిల్ల నిలబడింది గానీ కాళ్ళు గేటు వైపే ఉన్నాయి.

మొదటి పిల్ల వెళ్ళింది, వచ్చింది. రెండో పిల్లాడు వెళ్ళాడు. ఫాదర్ జేబులోంచి రుమాలు తీసి మాస్కు మీద అదుముకున్నాడు. మూడో పిల్ల వెళ్ళేసరికి ఆయన భుజాలు కదులుతున్నాయి. నాలుగో పిల్లకి ఆయన తల పూర్తిగా కిందికి దించేశాడు.

"టీచర్, ఫాదర్ ఏడుస్తున్నారు" అంది చిన్న సిస్టర్ నా చెవిలో, కళ్ళనీళ్ళు పెట్టుకుని. పసిపిల్లల పశ్చాత్తాపం ఆయన గుండెని అంతగా కదిలించిందని మేమిద్దరం తెగ పొంగిపోయాం.

వరస తరిగి ఆ ఐదో తరగతి పిల్ల వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడు గేటు తోసుకుని ఆ అబ్బాయి వచ్చాడు. ఆడపిల్లలు తలమీద ముసుగు వేసుకోవడం చూసి ఇదీ నియమమే కాబోలనుకుని వాళ్ళ తాత కండువా తలమీద కప్పుకున్నాడు. నేరుగా వచ్చి ఆ అమ్మాయి వెనకాల నిలబడ్డాడు.

"నువ్వెందుకురా?" అన్నాను. వాళ్ళ తాతకి తెలిస్తే రేపు బడి ముందు ట్రాక్టరు పెట్టి జనాన్ని దించుతాడు.

"నేనూ చెప్పుకుంటా."

ఆ అమ్మాయి వెనక్కి తిరగకుండానే, "అయితే నువ్వు ముందు పో" అంది. పక్కకి జరిగి దారి ఇచ్చింది.

నేను పెద్ద సిస్టర్ వైపు చూశాను, ఆవిడ ఫాదర్ వైపు చూశారు. ఫాదర్ రుమాలు జేబులో పెట్టుకుని, "రానివ్వండి. ఇది పాపసంకీర్తనం కాదు, ఊరికే మాట్లాడుకుంటాం. రా నాన్నా, కూచో" అన్నాడు.

వాడు కూర్చున్నాడు. అయితే మా మోరల్ గదిలో పిల్లలకి ఒక అలవాటు. చెక్క అవతల పాటల మీద నుంచి వినబడాలి కాబట్టి జవాబు ఎప్పుడూ అరిచే చెబుతారు. వాడూ అరిచాడు.

"ఫాదర్! నేను పాలల్లో నీళ్ళు కలిపాను! మిరప టిక్కీల మీద నీళ్ళు చల్లాను! కోర్టులో దొంగసాక్ష్యం చెప్పాను! పక్కచేను గట్టు జరిపాను!" అని ఊపిరి పీల్చుకుని, ఒక్క క్షణం ఆలోచించి, "కాదు ఫాదర్. గట్టు జరిపింది నేను కాదు, మా తాత" అన్నాడు.

 ఎక్కాలు వప్పజెప్పినట్టు నా ఉదాహరణలన్నీ ఒక్కటి పోకుండా వాడి నోట వచ్చాయి. చెక్కకి ఇటు ఉన్న పిల్లాడే ఇంత బాగా బట్టీ పట్టాడంటే, అటు ఉన్నవాళ్ళ సంగతేమిటి? అప్పటిదాకా లోపలికి వెళ్ళొచ్చిన ప్రతి పిల్లా ఆ కుర్చీలో కూర్చుని ఏం చెప్పి ఉంటుందో, ఫాదర్ భుజాలు ఎందుకు కదిలాయో నాకు అప్పుడు వెలిగింది. మూడో తరగతి పిల్లలు వరసపెట్టి గట్లు జరిపారు. పాపం ఆయన వాళ్ళ దగ్గర నవ్వకూడదు. ఇక్కడ అయితే నవ్వొచ్చు కదా, కుర్చీ ఊగిపోయేలా నవ్వాడు. పెద్ద సిస్టర్ నా వైపు తిరిగి, "టీచర్, ఉదాహరణలా?" అని మాత్రం అడిగారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఫాదర్ కళ్ళు తుడుచుకుని, "ఇంకేమన్నా ఉందా నాన్నా?" అన్నాడు.

"ఉంది." ఈసారి వాడి గొంతు తగ్గింది. అయినా అందరం ఊపిరి బిగపట్టి ఉన్నాం కాబట్టి వినబడింది. "ఆ నాయనమ్మని మిరపకాయల ముసలిదన్నా. ముక్కు మూసుకున్నా. అందరూ నవ్వారు."

"ఇప్పుడేమనిపిస్తోంది?"

వాడు కండువా అంచు నలిపాడు. "మా నాయనమ్మని ఎవురన్నా అట్టా అంటే నేనైతే బండతో కొడదును ఫాదర్" అన్నాడు.

లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి, ఆ ముసలావిడ ముందు నిలబడి, "తప్పయిపోయింది నాయనమ్మా" అన్నాడు.

ఆవిడకి ఈ గొడవంతా కొత్త. మనవరాలు కొట్టిందని తెలుసు గానీ ఎందుకు కొట్టిందో ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు. వాణ్ణి ఎగాదిగా చూసింది, తర్వాత మనవరాలి వైపు చూసింది. మళ్ళీ వాణ్ణే చూసి, "ముక్కు మండితే మూసుకోవా మరి? దానికేంది?" అంది. కొంగు దులుపుకుంటూ, "మీ చేలో కాయేరా నాయనా ఈ ఘాటంతా. నేను కోతకొచ్చేది మీ తాత పొలానికే" అంది.

వాడి మొహం చూడలేకపోయాను. ఏడుపు ఆపుకోవడానికి కండువా మొత్తం మొహం మీదికి లాక్కున్నాడు.

ఇంక వరసలో ఒక్కతే మిగిలింది. గేటు వైపు తిరిగి ఉన్న కాళ్ళు ఇటు తిరిగాయి. వెళ్ళి కుర్చీలో కూర్చుంది. మిగతా పిల్లలందరూ కలిసి పట్టినంత సేపు పట్టింది ఆ ఒక్కదానికి. ఒకసారి తల అడ్డంగా ఊపింది, ఫాదర్ ఏదో అన్నాడు, మళ్ళీ అడ్డంగా ఊపింది. నేను చీర కుచ్చిళ్ళు పిసుక్కుంటూ, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ, తెలియని వాళ్ళకీ కూడా మొక్కుకున్నాను. చివరికి ఫాదర్ చెయ్యి ఆ పిల్ల తలమీదికి లేచింది. ఈసారి ఆయన భుజాలు కదల్లేదు.

పాపసంకీర్తనం అయ్యాక పిల్లలు గుళ్ళోకి వెళ్ళి ప్రాయశ్చిత్తంగా జపాలు చెబుతారు. ఈ పిల్ల గుళ్ళోకి వెళ్ళలేదు. నాయనమ్మ ఒళ్ళో ఉన్న బాక్సు తీసుకుని, సొట్ట మూత అలవాటుగా మోకాలికి కొట్టి తెరిచి, ఆ అబ్బాయి ముందు పెట్టింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు.

"తిను" అంది. వాడు తుమ్ముకుంటూ తిన్నాడు.

ఆదివారం గుడి ముందు పిల్లలందరూ తెల్లగా బారులు తీరి నిలబడి ఉంటే, మోటారు సైకిల్ మీద ఆ అబ్బాయి తాత దిగాడు, వెనకాల మనవడు. అయిపోయింది నా పని అనుకున్నాను. ఆయన నన్ను గోడ పక్కకి పిలిచాడు.

"టీచరమ్మా, మా గట్టు సంగతి మీకెవురు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. ఊరికే ఉదాహరణకి అన్నాను."

"పల్నాట్లో ఇంత భూమి ఉంటే ఉదాహరణకి మాదే దొరికిందా?" అన్నాడు. మనవడు పాపసంకీర్తనం వరసలో నిలబడ్డందుకు ఒక్క మాటన్నా అంటాడని ఎదురుచూశాను గానీ ఆయన బాధంతా గట్టు మీదే. ఆ ఎండాకాలం దుక్కులప్పుడు ఆ గట్టు పాత చోటికే వచ్చిందని మా ఆయన చెప్పాడు. ఆ చెప్పిన రోజే మా ఆయన కూడా సాయంత్రం ఒక్కడే పొలం వెళ్ళి వచ్చాడు. ఎందుకని నేను అడగలేదు.

ఫోన్ చేసిన అమ్మాయీ, నీ ప్రశ్నకి ఇదీ నా జవాబు. ఉదాహరణ చెప్పేముందు నీ ఎదురుగా ఉన్నది ఎవరో, వాళ్ళ వయసెంతో చూసుకో. పోతే, నక్కల కథలు చెప్పినా సరే, నీతి నువ్వే గబగబా చెప్పెయ్యకు. వాళ్ళని అడుగు. ఆ తర్వాత ఏడాది నుంచి నా మోరల్ గదిలో కూడా ఎవరికైనా ఏదైనా చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోవడానికి కిటికీ పక్కన ఒక కుర్చీ వేశాను. కేకు పెట్టలేకపోయాను, బెల్లంముక్క పెట్టేదాన్ని. చెక్క అవతలి పిల్లలు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు, బెల్లం కోసమే కావచ్చు.

ఆ ఆదివారం పూజ అయ్యాక ఆ పిల్ల తెల్లగౌనులో, పూలకిరీటం పక్కకి జారిపోతుంటే సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది. వాళ్ళమ్మ దూరంగా నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. నాయనమ్మ ఆ రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అయినా దగ్గరికి వెళ్తే కొంచెం ఘాటు వచ్చింది, నేను తుమ్మాను. ఆ పిల్ల నన్ను ఓరగా చూసింది.

నాకు నోరు ఊరుకోలేదు. "ఏమ్మా, వాడు మళ్ళీ అంటే మళ్ళీ కొడతావా?" అన్నాను.

అది అబద్ధం చెప్పే పిల్ల కాదు కదా, కాసేపు నిజంగానే ఆలోచించింది.

"కొడతానేమో టీచర్. కానీ చేత్తో. బాక్సుతో మాత్రం కొట్టను. ఫాదర్‌కి కూడా అదే చెప్పా."

"ఆయనేమన్నారు?"

"సరే, ముందు బాక్సు దగ్గర మొదలుపెడదాం అన్నారు" అని చెప్పి, గౌను మట్టికి తగలకుండా రెండు చేతులా ఎత్తి పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తింది.